కరెంటు పోయినా లేచే బోర్డు

"సార్, బోర్డులో కొత్త ప్రోగ్రాము రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే?" అన్నాడు ల్యాబులో వెనక బెంచీ కుర్రాడు. జవాబు చెప్పకుండా ప్లగ్గు పీకేశాను. బోర్డు మళ్లీ లేవలేదు. చిప్పులోకి నేరుగా రాసే జేట్యాగ్ కేబుల్ తగిలించి బతికించేసరికి క్లాసు అయిపోయింది. బల్ల మీది బోర్డు కాబట్టి సరిపోయింది. అదే ఏ టవరు కొసనో ఉంటే, కేబుల్ పట్టుకుని ఎక్కేదెవరు?

ఆ బోర్డుకు గుండెకాయ ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్పు. మా ల్యాబులో వాడే రకానికి కరెంటు పోతే ఏమీ గుర్తుండదు. వచ్చిన ప్రతిసారీ పక్కనున్న ఫ్లాష్ చిప్పును చదువుకుని తన పనేమిటో తెలుసుకుంటుంది. ఆ ఫ్లాష్‌దో మొండితనం. దాంట్లో రాయడమంటే 1ని 0 చేయడమే. 0ని తిరిగి 1 చేయాలంటే ఒక్క బిట్టుకు కుదరదు, సెక్టారు మొత్తం చెరపాల్సిందే. తోషిబాలో ఫుజియో మసువోకా దీన్ని తయారు చేసినప్పుడు, ఇలా ఒక్కసారిగా చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని సహోద్యోగి ఒకాయన ఆ పేరు సూచించాడట.

అందుకే ఫ్లాష్‌లో ప్రోగ్రాముకు రెండు ప్రతులు ఉంచుకోమని అందరూ చెబుతారు. ఒకటి ఎన్నడూ ముట్టుకోని గోల్డెన్ ఇమేజ్, రెండోది కొత్తది. బాగానే ఉంది, కానీ ఏది చదవాలో చిప్పుకు చెప్పే చోటే సగంలో చెడితే? ఇక్కడే ఎఫ్‌పీజీఏలు తయారుచేసిన జైలింక్స్ వాళ్ల క్విక్‌బూట్ పద్ధతి నాకు తెగ నచ్చుతుంది.

వాళ్ల ఎఫ్‌పీజీఏ ఫ్లాష్‌ను మొదటి అడ్రసు నుంచి చదువుతూ పోతుంది. ఏఏ995566 అనే 32 బిట్ల గుర్తుమాట కనబడేదాకా దేన్నీ లెక్కచేయదు. ఫ్లాష్ మొదటి సెక్టారులో ఆ గుర్తుమాట, దాని వెనకే 'కొత్త ప్రతికి దూకు' అనే ఆదేశం, తర్వాత గోల్డెన్, ఆ తర్వాత కొత్తది. అప్‌డేట్‌లో మొట్టమొదటి పని ఆ గుర్తుమాటను చెరిపేయడం. అది లేకపోతే దూకమన్న ఆదేశం చిప్పు చెవికెక్కదు. ముందుకు సాగి, గోల్డెన్‌లో ఉన్న గుర్తుమాట దగ్గర ఆగి దాన్నే లోడు చేసుకుంటుంది. ఇక కొత్త ప్రతిని తీరిగ్గా రాసి, తిరిగి చదివి సరిచూసుకుని, అన్నిటికన్నా చివర గుర్తుమాట రాస్తారు. అందులో 16 ఒకట్లు, 16 సున్నాలు. అంటే ఆఖరి అడుగంతా 16 బిట్లు సున్నాలవడమే. పదిహేను మారాక కరెంటు పోయిందా, మాట కుదరలేదు కనుక గోల్డెనే లేస్తుంది. గృహప్రవేశం అయ్యేదాకా అద్దె ఇల్లు ఖాళీ చేయని ఇంటావిడ తెలివి ఇది.

2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లలోనూ రెండు ప్రతుల ఏర్పాటు వచ్చింది. పక్క ప్రతిలో అప్‌డేట్ జరుగుతుంటే మనం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాం.

మరుసటి వారం మా బోర్డులో క్విక్‌బూట్ పెట్టి, ప్లగ్గు ఆ వెనక బెంచీ కుర్రాడి చేతికే ఇచ్చాను. చెరుపుతుండగా ఓసారి, రాస్తుండగా ఓసారి పీకాడు. రెండుసార్లూ గోల్డెన్ ప్రతి లేచిందని చెప్పే పచ్చ దీపమే వెలిగింది. మీ బోర్డు బయటికి పంపేముందు మీరూ పీకి చూడండి, ముఖ్యంగా చెరిపే సమయంలో.