నాలుగు కాలాలు మన్నే ఫ్లై లైన్

మామూలు గాలానికి బరువు కొసన ఉంటుంది. సీసం గుండో, బరువైన ఎరో ముందు దూసుకుపోతే సన్నని తాడు దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో లెక్క తిరగబడుతుంది. కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి కట్టిన నకిలీ పురుగుకి బరువంటూ ఉండదు. ఒట్టిదాన్ని విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. కాబట్టి ఇక్కడ విసిరేది లైన్‌నే, పురుగు దాని వెనకాల పోతుంది. రాడ్ మీద ఎంత డబ్బు పోసినా లైన్ బాగా లేకపోతే చేప దాకా చేరడం కష్టం. మొత్తం సరంజామాలో త్వరగా అరిగిపోయేదీ ఆ లైనే.

ఐజాక్ వాల్టన్ 1653లో ‘ది కంప్లీట్ యాంగ్లర్’ అచ్చువేయించిన నాటికి ఇంగ్లండులో వాడుకలో ఉన్నవి గుర్రపు తోక వెంట్రుకలు పేనిన తాళ్లు. తర్వాత పట్టు వచ్చింది. నూనె పట్టించిన పట్టు లైన్ చక్కగానే సాగేది గానీ, దానికి చేయాల్సిన చాకిరీ ఎక్కువ. నీళ్ల మీద తేలాలంటే జిడ్డు పూయాలి. వేట ముగిశాక రీలు నుంచి విప్పి ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే కుళ్లిపోయేది.

ఆ బాధ తప్పింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. మిషిగన్ రాష్ట్రంలోని మిడ్‌లాండ్‌లో 1945లో మొదలైన సైంటిఫిక్ యాంగ్లర్స్, న్యూయార్క్ రాష్ట్రంలో 1915 నుంచీ ఉన్న కార్ట్‌లాండ్ కంపెనీ 1950ల్లో ప్లాస్టిక్ పూత వేసిన లైన్లను బజారులోకి తెచ్చాయి. ఇప్పటి లైన్లలో ఎక్కువ భాగం వాటి సంతతే.

లైన్‌ని అడ్డంగా కోసి చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. లోపల సాధారణంగా నైలాన్ కోర్. బలం దానిది. పైన పీవీసీ పూత. బరువు, ఆకారం, నునుపు దానివి. నీళ్ల మీద తేలే లైన్లయితే కంటికి ఆనని బోలు గాజు గోళాలను ఆ పూతలో కలుపుతారు. పీవీసీ సహజంగా గట్టిది. అది వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుతారు. లైన్ ఆయుష్షంతా దాదాపు దీని చేతిలోనే ఉంది. ఎండకీ, వేడికీ, నూనెలకీ ఆ రసాయనం కారిపోయిందంటే పూత బిరుసెక్కి బీటలు వారుతుంది. బీటల్లోంచి నీరు కోర్‌లోకి దిగుతుంది. కొస దగ్గర పూత పలచన కాబట్టి లైన్ మునగడం అక్కడే మొదలవుతుంది.

కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది అంకె. రాడ్ మీద 5 అని ఉంటే లైన్ కూడా 5 అయి ఉండాలి. ఈ అంకె లైన్ మొదటి 30 అడుగుల బరువుని చెబుతుంది. 5వ నంబరుకి అది 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. 8వ నంబరుకి 210 గ్రెయిన్లు. డబ్బా మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంటే ముందు భాగంలో బరువున్న, 5వ నంబరు, తేలే లైన్ అని అర్థం.

రెండోది నీటి ఉష్ణోగ్రత. కొత్తవాళ్లు పట్టించుకోనిదీ, డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. చల్లటి నీళ్ల కోసం చేసిన లైన్ మెత్తగా ఉంటుంది. ఉష్ణమండలపు ఎండలో అది ఇంకా మెత్తబడి రాడ్ రింగులకు అతుక్కుంటుంది. వేడి సముద్రాల కోసం చేసిన గట్టి లైన్‌ని చలిలో వాడితే రీలు మీది చుట్టలు విప్పుకోదు. డెట్రాయిట్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడి ‘ఆసేబుల్’ నదిలో ట్రౌట్ కోసం కొన్న లైన్‌నే ఫ్లోరిడా తీరానికి పట్టుకెళితే ఇబ్బంది పడేది ఇందుకే. హిమాచల్‌లోని తీర్థన్, కశ్మీర్‌లోని లిద్దర్ వంటి ట్రౌట్ నదులకు చల్లటి నీళ్ల లైనే సరి.

మూడోది ఆకారం. డబ్ల్యూఎఫ్ లైన్‌కి బరువంతా ముందే ఉంటుంది, దూరం విసరడం తేలిక. డీటీ అంటే డబుల్ టేపర్. దానికి రెండు కొసలూ ఒకేలా సన్నబడతాయి. ఒక కొస అరిగితే తిప్పి రీలుకి చుట్టుకోవచ్చు. చిన్న వాగుల్లో, దగ్గరి దూరాల్లో వేటాడేవారికి ఒక లైన్ ధరకి రెండు లైన్లు దక్కినట్టే.

పూతలోనూ తేడాలున్నాయి. వేల్స్‌కి చెందిన ఎయిర్‌ఫ్లో పీవీసీకి బదులు పాలీయురేథేన్ వాడుతుంది. దానికి ప్లాస్టిసైజర్ అవసరం లేదు కాబట్టి అది కారిపోయి పూత పగిలే బెడదా ఉండదు. ఇక 100 డాలర్లు దాటే లైన్లకు నునుపూ, విసురూ ఎక్కువ ఉండొచ్చు గానీ, ధర పెరిగినంత మాత్రాన ఆయుష్షు పెరగదు.

లైన్‌ని చంపేవి నదిలో కన్నా చేతిలోనే ఎక్కువ. దోమల మందులోని డీట్, ఎండకి పూసుకునే క్రీములు, పెట్రోలు పీవీసీకి శత్రువులు. రాసుకున్న చేతుల్ని కడుక్కునే లైన్ ముట్టుకోవాలి. ఎండలో నిలిపిన కారులో రీలు వదలకూడదు. కొసన లీడర్ అనే సన్నని తాడు కట్టకుండా గాల్లో ఝళిపిస్తే లైన్ కొరడాలా చెళ్లుమని, కొసన పూత చిట్లుతుంది. రాళ్ల మీద పడిన లైన్‌ని బూటుతో తొక్కినా అంతే. రాడ్ రింగుల్లో గాడి పడితే అది ప్రతి విసురుకీ పూతని గీకుతుంది. దూది పుల్లని రింగులో తిప్పితే పీచు ఎక్కడ చిక్కుకుంటుందో అక్కడ రింగు మార్చాలి.

నీళ్లలోని పాకుడు, ఇసుక రేణువులు లైన్‌కి పట్టి గరుకెక్కిస్తాయి. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో లైన్ పొడుగునా తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే తేలడం, జారడం రెండూ మెరుగుపడతాయి. ఉప్పునీళ్లలో వాడితే ఏ రోజుకారోజు కడగాల్సిందే. నెలల తరబడి వాడని కాలంలో రీలు మీంచి తీసి, వదులైన పెద్ద చుట్టలుగా నీడన వేలాడదీయాలి.

చిన్న ట్రౌట్ వాగుల్లో 5వ నంబరు రాడ్‌తో మొదలుపెట్టేవారు మధ్యస్థ ధరలో దొరికే, చల్లటి నీళ్ల డీటీ5ఎఫ్ లైన్ తీసుకోవడం మంచిది. దూరం విసరాల్సిన పెద్ద నదులైతే డబ్ల్యూఎఫ్5ఎఫ్. మిగిలిన డబ్బుతో ఒకటికి రెండు లీడర్లు కొనుక్కోండి. వాటి అవసరం ముందే వస్తుంది.