వేసవి సెలవులు – రేడియో పరిచర్య



వేసవి రాగానే బడితోపాటు తక్కిన పనులకును తలుపులు మూయుట మన వాడుక. రేడియో పరిచర్య చేయువారికి మాత్రము వేసవియే కోతకాలమని నా అభిప్రాయము. నేను క్రైస్తవుడను కాను. అయినను తెలుగు పండితుడనుగా క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో, 1986లో, మా యూరి క్రైస్తవ మిత్రులు తమ ప్రసంగముల భాష దిద్దుమని నన్ను కోరిరి. వారు టేపులు నింపి పంపగా, సముద్రమున కావలనున్న ఒక షార్టువేవు కేంద్రము ప్రసారము చేయుచుండెను.

బృందములో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక నర్సు, ముగ్గురు విద్యార్థులు. వీరందఱును ఒకచోట చేరుటకు వేసవి తప్ప వేఱు కాలము లేదు. ఏడంగుళముల చక్రమునకు 1,200 అడుగుల టేపు పట్టును. సెకనుకు ఏడున్నర అంగుళముల వేగమున అది 32 నిమిషములు నడచును. అనగా అరగంట ప్రసంగమునకు ఒక చక్రము. మే నెలలో 12 చక్రములు నింపినచో వానకాలమంతయు ఊపిరి సలుపును.

పంకా త్రిప్పిన దాని చప్పుడు మైకులో పడును. త్రిప్పకున్న చదువువాని చెమట కాగితముపై పడును. అందుచే తెల్లవాఱుజామున మూడు గంటలకు మొదలిడి, కాకులు లేవకముందే ముగించెడివారము. కోకిల మాత్రము మా మాట వినలేదు.

తరంగముల సంగతియు కొంత తెలియవలెను. వేసవిలో ఉఱుములు మెఱుపులు అధికము. మెఱుపు మెఱసినప్పుడెల్ల రేడియో చిటపటలాడును. ఈ బాధ పొడుగు తరంగములపై ఎక్కువ, పొట్టి తరంగములపై తక్కువ. పగలు దీర్ఘమగుటచే, తరంగములను భూమికి మరలించు ఆకాశపు పొరయు సాయంకాలము చాలసేపు బలముగా నుండును. కావున పెక్కు కేంద్రములు సాయంకాలపు ప్రసారమును 41 మీటర్లవంటి పట్టీలనుండి 31, 25 మీటర్ల పట్టీలకు మార్చును. మార్చి చివరి ఆదివారమునను, అక్టోబరు చివరి ఆదివారమునను ఈ మార్పులు జరుగుట నేటికిని కలదు. ఇది తెలియని శ్రోత ముల్లును పాతచోటనే నిలిపి, కేంద్రము మూతపడినదనుకొనును. అందుచే విద్యార్థులను సాయంకాలములందు పల్లెలకు పంపి, అరుగులమీది శ్రోతలకు క్రొత్తచోటు చూపించెడివారము. ప్రసంగములకంటె ఈ పనియే మేలైనదని నేటికిని తలంతును.

ఆ యేడు నేనొక తప్పు చేసితిని. మే నెల యెండలో బావులెండియుండగా, వానకై వేడుకొను ప్రార్థన నొకదానిని ఎంతో ముచ్చటపడి దిద్దితిని. ఆ చక్రము ఆగస్టున ప్రసారమయ్యెను. ఆ నెల 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల కెక్కిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కొన్ని వారములకు ఏటియొడ్డు పల్లెనుండి ఒక జాబు వచ్చెను. వారు బడి డాబామీద తలదాచుకొని, బ్యాటరీ రేడియోలో మా ప్రార్థన వినిరట. “అయ్యా, ఇక వాన చాలునని మీకు చెప్పుటకు మాకు దారి లేకపోయెను” అని వ్రాసిరి. అందులో కోపము లేదు. ఉన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

మఱుసటి వేసవి మొదలు ముందుగా నింపు చక్రములలో ఎండ, వాన, పంట అను మాట వచ్చినచోటనెల్ల నేను ఎఱ్ఱసిరాతో గీత గీసితిని. పదునొకండు చక్రములే నింపితిమి. పండ్రెండవదానిని ఖాళీగా నుంచి, “ఆ వారమున వ్రాయవలెను” అని చీటి యంటించి, తక్కినవానితోడనే రేకుపెట్టెలో పెట్టితిమి.