గొడుగు పెట్టే చోటు నీడని అడుగు

బుజ్జమ్మా, మీ నాన్న కొత్తింటికి వచ్చే వారం స్లాబు వేయిస్తున్నాడు కదా. టీవీ గొడుగు సంగతి ఏం చేశావురా అంటే, గృహప్రవేశం అయ్యాక చూద్దాంలే అంటున్నాడు. అప్పుడైతే కొత్త గోడకి బెజ్జం కొట్టాలి, వేసిన రంగు చెడగొట్టాలి. వాడు ఎలాగూ వినడు గానీ, నువ్వు విను.

దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ ఉందే, ఆ చానళ్లు మన ఇస్రో ఉపగ్రహం జీశాట్-15 నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకి నేరుగా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. ఉంటుందంటే ఆగి ఉందని కాదు. సెకనుకి మూడు కిలోమీటర్ల వేగంతో పరుగు తీస్తోంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేసరికి అదీ ఒక చుట్టు పూర్తి చేస్తుంది. తిరునాళ్లలో రంకులరాట్నం ఎక్కినప్పుడు నీ గుర్రమూ తిరుగుతుంది, ముందు గుర్రమూ తిరుగుతుంది, అయినా ముందు గుర్రం ఎప్పుడూ నీ ముందే ఉంటుందా లేదా? ఇదీ అంతే. అందుకే గొడుగుని ఒకసారి బిగించామంటే మళ్లీ తిప్పే పని లేదు. ఈ ఎత్తున ఉపగ్రహాలు పెట్టి ప్రసారాలు చేయొచ్చని ఆర్థర్ క్లార్క్ 1945లోనే రాశాడు. అప్పటికి మనుషులు ఒక్క ఉపగ్రహాన్నీ ఎగరేయలేదు.

హైదరాబాదులో మన డాబా మీంచి చూస్తే అది ఆగ్నేయం వైపు, నేలమట్టం నుంచి సుమారు 63 డిగ్రీల పైన ఉంటుంది. అంటే చాలా పైకి చూడాలన్నమాట. ఇది మన అదృష్టం. లండన్ లాంటి చోట్ల ఉపగ్రహాలు చూరు కింద నక్కినట్టు ఉంటాయి, ఎదురింటి కప్పు కూడా అడ్డమే. మనకి ఎదురుగా ఉన్న గోడ గొడుగుకన్నా పది అడుగులు ఎత్తున్నా, అయిదడుగుల పైచిలుకు దూరం ఉంటే సరిపోతుంది. అడ్డు ఎత్తులో సగం దూరం అని గుర్తు పెట్టుకో.

వాస్తు ప్రకారం మనవాళ్లు నీళ్ల ట్యాంకు నైరుతిలో కడతారు కాబట్టి సొంత ట్యాంకుతో పేచీ లేదు. కానీ తూర్పు పక్కింటాయన కూడా వాస్తు చూసే కడతాడుగా! ఆయన నైరుతి మూల సరిగ్గా మీ ఆగ్నేయానికి వస్తుంది. ఆయన రేపు ఇంకో అంతస్తు లేపి, దాని మీద ట్యాంకు కూర్చోబెట్టాడనుకో, నీ సీరియల్ ఆయన నీళ్లలో మునిగినట్టే. కొబ్బరిచెట్టు అయితే మరీ మోసం. ఇవాళ అడ్డం లేకపోయినా నాలుగేళ్లకి మట్ట వచ్చి వాలుతుంది. తడి ఆకు ఉపగ్రహం పంపే తరంగాలని బాగా పీల్చేస్తుంది.

మరి అడ్డు ఉందో లేదో తెలిసేదెలా? దిక్సూచి పట్టుకుని డాబా ఎక్కితే స్లాబులోని ఇనుప ఊచలు దాన్ని తికమక పెడతాయి. అంతకన్నా మంచి సర్వేయరు సూర్యుడు. ఏటా మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి దాటుతాడు. జీశాట్-15కైతే హైదరాబాదులో అది పగలు పదకొండు గంటల ప్రాంతం. సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొద గొడుగులో నిండిపోయి బొమ్మ కొన్ని నిమిషాలు చెదిరిపోతుంది. జనం టీవీ పక్కనుండే సెట్‌టాప్ డబ్బా పాడైందని తిట్టుకుంటారు గానీ, మనకి పనికొచ్చే ఘడియ అదే. ఆ రోజుల్లో ఆ వేళకి డాబా మీద నిలబడు. నీ మీద ఎండ పడితే ఉపగ్రహం కూడా నిన్ను చూస్తున్నట్టే. ట్యాంకు నీడో, చెట్టు నీడో పడితే గొడుగు అక్కడ పెట్టకు. డబ్బు కట్టించుకునే కంపెనీల ఉపగ్రహాలు వేరే రేఖాంశాల మీద ఉంటాయి. 83 డిగ్రీల దానికి ఇంచుమించు పన్నెండింటికి, 108 డిగ్రీల దానికి పదింటికి చూడాలి.

గొడుగుని చూసి నువ్వొకటి అడుగుతావు, నాకు తెలుసు. 63 డిగ్రీలంటున్నావు, అది అంత పైకి చూడట్లేదేం తాతయ్యా అని. ఆ పళ్లెం పెద్ద గిన్నె నడిమధ్యలోది కాదు, ఓ పక్కనుంచి కోసిన ముక్క. పైనుంచి వచ్చే తరంగాలు దానికి తగిలి, కిందనుంచి చాచిన చేతి చివర వాటిని పట్టుకునే ఎల్‌ఎన్‌బీలోకి వాలతాయి. అలా చేస్తే ఎల్‌ఎన్‌బీ నీడ పళ్లెం మీద పడదు, వాన నీళ్లూ నిలవవు.

గట్టిగా బిగించాలనేది ఎందుకంటే, తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, పళ్లెం అడ్డకొలత అరవై. ఆ లెక్కన గురి ఒకటిన్నర డిగ్రీ తప్పితే అందే శక్తి సగమవుతుంది. అంటే కింది అంచుకన్నా పై అంచు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ వాలినా చాలు. మన ఊరి కోతులకి అదెంత పని! అందుకని పిట్టగోడ మీద పై వరస ఇటుకకి కాదు, కాంక్రీటు దిమ్మకి యాంకర్ బోల్టులు వేయించాలి. స్లాబుకి మాత్రం బెజ్జం పెట్టనివ్వకు, వానాకాలంలో కారుతుంది. గొడుగు మీద బట్టలారేసే పిన్నిగారికీ ఓ మాట చెప్పి ఉంచు.

ఓ పాత సంగతి. 1975లో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి ఏడాదిపాటు టీవీ చూపించారు. మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. అప్పటి గొడుగు మూడు మీటర్ల వెడల్పు, కోళ్లకి కట్టే వల జాలీతో చేసింది. చిల్లుల్లోంచి తరంగం జారిపోదా అంటే, పోదు. దాని పొడవు 35 సెంటీమీటర్లు, అంత చిన్న చిల్లు దానికి కనిపించనే కనిపించదు. ఇప్పటి పొట్టి తరంగాలకి ఆ జాలీ చాలదు, కాస్త సొట్ట పడినా నష్టమే. వానకి బొమ్మ ఆగిపోయేది కూడా ఈ పొట్టితనం వల్లే. చినుకులు వీటిని మింగుతాయి, చెదరగొడతాయి. కేబుల్ వాళ్ల పెద్ద గొడుగులకి వచ్చే తరంగం దాదాపు మూడింతలు పొడవు, దానికి వాన అంతగా పట్టదు.

ఇక తీగ. టీవీ గదికి ఒక్క తీగ చాలనుకుంటాడు మీ నాన్న. ఎల్‌ఎన్‌బీకి కరెంటు డబ్బా నుంచే అదే తీగలో పైకి వెళ్తుంది. 13 వోల్టులు పంపితే నిలువుగా ఊగే తరంగాలు, 18 పంపితే అడ్డంగా ఊగేవి పట్టి ఇస్తుంది. ఒకే తీగని చీల్చి రెండు డబ్బాలకి ఇస్తే, నానమ్మ 13 అడిగి నువ్వు 18 అడిగావనుకో, నీదే నెగ్గుతుంది, నానమ్మ భక్తి చానల్ పోతుంది. కాబట్టి రెండు టీవీలకి రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బీ, రెండు తీగలు. పది, పదిహేను మీటర్లకోసారి తీగలో సంకేతం సగమవుతుంది కనుక దారి దగ్గరగా ఉండాలి. గోడలో పైపు బయటి వైపుకి కాస్త వాలుగా వెళ్లాలి, తీగ లోపలికి దూరే ముందు కిందకి ఒక వంపు తిరగాలి. నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, లేకపోతే కనెక్టరులోకి దిగి రాగి పచ్చబడుతుంది. గొడుగు స్తంభానికి ఎర్తు తీగ కట్టించమను. పిడుగుల వేళ డబ్బా ప్లగ్గుతోపాటు గొడుగు నుంచి డబ్బాకి వచ్చే తీగా ఊడదీయాలి.

మేస్త్రీ మంగళవారం వస్తాడట. ఊచలు కట్టే రోజే పైపులు వేయించమను, మూతలు బిగించే ముందు తర్వాత తీగ లాగడానికి లోపల ఒక బైండింగ్ వైరు దూర్చి వదిలేయమను.