నీడ జాగలో మల్లె వద్దు, కనకాంబరం ముద్దు

మాఘమాసం వచ్చిందంటే పూలకు గిరాకీ మొదలైనట్టే. పాలకుర్తి సోమేశ్వరుని శివరాత్రి జాతర, ఆ వెనుకనే ఉగాది, వల్మిడిలో రాములవారి కల్యాణం, మధ్యలో పెళ్లిళ్లు. ఈ గిరాకీ అందుకుందామని బాయి కాడ, తోట గట్టున ఖాళీగా ఉన్న జాగలో పూల మొక్కలు పెట్టాలనుకునే రైతు సోదరులు చాలామందే. ఆ జాగ మీద చెట్ల నీడ ఉంటుంది. అది చూసుకోకుండా గుండుమల్లె తెచ్చి నాటితే నష్టం తప్పదు.

మల్లెకు రోజంతా ఎండ కావాలి. నీడన పెడితే తీగ సాగుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం సరిగా పట్టదు. వరి దెబ్బతింటే ఒక కారుతో పోతుంది. మల్లె పదేళ్లకు పైగా నిలిచే పంట. పూత రాదని తెలుసుకునేసరికే ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. లిల్లీ, గులాబీ, చామంతి కూడా ఎండ పంటలే.

సగం నీడను తట్టుకుని పూసేది కనకాంబరం. వాసన లేదన్న మాటే గాని రంగు చెదరదు, తొందరగా వాడదు. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూస్తుంది. వానల్లో పూత తగ్గి, చలి పోయాక మళ్లీ పుంజుకుంటుంది.

సగం నీడ అంటే ఎంత? మిట్టమధ్యాహ్నం ఆ జాగలో నిలబడి నేల చూడండి. ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంటే పనికొస్తుంది. మచ్చే లేని చిక్కటి నీడైతే వదిలేయండి, అక్కడ ఏ పువ్వూ గిట్టుబాటు కాదు. అన్నిటికన్నా మంచిది చెట్లకు తూర్పు పక్క. పొద్దుటి ఎండ తగులుతుంది, మాపటి ఎండకు చెట్టే అడ్డం.

మామిడి రైతులు ఒక సంగతి మరవొద్దు. పూత రావాలంటే కార్తీక, మార్గశిర మాసాల్లో మామిడికి నీళ్లు ఆపాలి. కనకాంబరానికేమో అప్పుడూ తడి కావాలి. కొమ్మల కిందనే మడులు కడితే పూల కోసం పెట్టిన నీళ్లకు మామిడి పూతకు బదులు కొత్త ఆకు వేస్తుంది. అందుకే కొమ్మల అంచు దాటి, నీడ పడేంత దూరంలో నాటాలి. మామిడికి కొట్టే మందు తుంపరలు కూడా పూల మీద పడవు.

విత్తనం పాతదైతే మొలవదు, తాజాదే తీసుకోండి. ఢిల్లీ రకానికి విత్తనం కట్టదు, కొమ్మ ముక్కలతోనే పెంచాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అంబర, అర్క కనక రకాలు కూడా ఉన్నాయి. జూన్, జూలైలో నారు పోసి, 60 రోజుల నారును నాటితే రెండు మూడు నెలల్లో పూత మొదలై వసంతానికి తోట ఊపందుకుంటుంది. సాళ్ల మధ్య 2 అడుగులు, మొక్కల మధ్య అడుగు వదిలితే గుంటకు 540 మొక్కలు పడతాయి. గుంటకు రెండున్నర క్వింటాళ్ల మాగిన పశువుల ఎరువు వేయండి. మన చల్క నేలలు సరిపోతాయి గాని ఉప్పునీటి బోరు పనికిరాదు.

దీనికి అసలు శత్రువు నులిపురుగు. వేర్లను దెబ్బతీస్తే మొక్క గిడసబారుతుంది, దాని వెంటే ఎండు తెగులు వస్తుంది. వంగ, టమాటా వేసిన మడిలో నాటొద్దు. ముందు కారులో బంతి వేసి, నాటేటప్పుడు వేపపిండి కలపడం మేలు. ఎండిన మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయండి.

ఇక కోత. కిలో తూగాలంటే సుమారు 15 వేల పూలు కావాలి. రోజు విడిచి రోజు, ఎండెక్కకముందే కోయాలి. ఇంట్లో ఇద్దరు తెల్లారేసరికి తోటలో ఉండగలరా అన్నది చూసుకుని ఒక గుంటతోనే మొదలుపెట్టండి. కూలి పెట్టి కోయిస్తే మిగిలేది తక్కువ. పూత అయిపోయి ఎండిన వెన్నులను ఎప్పటికప్పుడు తుంచేస్తుంటే పక్క కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది.