పడిపోయిన మనిషికి పేస్‌మేకర్

మరమగ్గాల మధ్య పొద్దంతా నిలబడ్డ మనిషి కళ్లు తిరిగి పడిపోతే సిరిసిల్లలో ముందుగా గుర్తొచ్చేవి ఎండ, ఖాళీ కడుపు, నీరసం. చాలాసార్లు అది నిజమే. రక్తం కాళ్లలోకి దిగి, బీపీ పడిపోయి, మెదడుకు కాసేపు రక్తం చాలదు. ముందే చెమటలు పడతాయి, కళ్లకు చీకట్లు కమ్ముతాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే త్వరగానే సోయిలోకి వస్తారు. ఏ సూచనా లేకుండా కూర్చున్నచోటే ఒరిగిపోయినా, బరువు మోస్తూ కూలిపోయినా మాత్రం గుండెను అనుమానించాలి.

గుండె కుడి పైగదిలోని సిరాకర్ణికా కణుపు నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. అది కింది గదులకు చేరే దారి దెబ్బతింటే హార్ట్ బ్లాక్. నాడి 30, 40కి పడిపోవచ్చు, కొన్ని సెకన్లు ఆగిపోవచ్చు. అప్పుడు కాళ్లూచేతులూ కొట్టుకుంటే చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. ఆ పొరపాటులో ఏళ్లు గడిచిపోవడమే నన్ను బాధిస్తుంది.

గుండెకు అందని ఆ విద్యుత్ సంకేతాన్ని బయటినుంచి ఇవ్వాలని 1952లో బోస్టన్ వైద్యుడు పాల్ జోల్ ఛాతీ మీదుగా షాకులిచ్చాడు. ప్రాణం నిలిచేది గానీ నొప్పి భరించడం కష్టం. తర్వాత వచ్చిన యంత్రాలు గోడ ప్లగ్గుకు కట్టుబడి ఉండేవి. 1957 అక్టోబర్ 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. అది చూసిన సర్జన్ లిల్లెహై అడిగితే, ఇంజనీర్ ఎర్ల్ బాకెన్ బ్యాటరీతో నడిచే చిన్న పేస్‌మేకర్ పెట్టె తయారుచేశాడు. కరెంటు కోతలు ఎరిగిన మనకు దాని విలువ వేరే చెప్పాలా!

స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ రోజుకు ఇరవైసార్లకు పైగా సోయి తప్పేవాడు. భార్య ఎల్స్-మారీ పట్టువిడవకుండా అడగడంతో 1958 అక్టోబర్ 8న ఇంజనీర్ ఎల్మ్‌క్విస్ట్ చేసిన పేస్‌మేకర్‌ను సర్జన్ సెన్నింగ్ ఆయన ఒంట్లో అమర్చాడు. సర్క్యూట్‌పై రెజిన్ పోయడానికి అచ్చు బూటు పాలిష్ డబ్బా! కొన్ని గంటలకే అది ఆగిపోయింది, ఇంకొకటి పెట్టారు. ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, ఆ ఇంజనీరూ సర్జనూ పోయిన తర్వాత కూడా, బతికాడు. 1970లలో లిథియం బ్యాటరీ వచ్చాక మార్పిడి ఏళ్ల దూరానికి జరిగింది.

ఇప్పుడు ఆ చోటికే మత్తు ఇచ్చి, పేస్‌మేకర్‌ను కాలరు ఎముక కింద అమరుస్తారు. తీగ రక్తనాళం గుండా గుండెకు చేరుతుంది. ప్రమాదకరంగా వేగం పెరిగే గుండెకు మాత్రం షాకిచ్చే ఐసీడీ అనే పరికరం వేరు.

ఇక మన దగ్గర, జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలొచ్చాయి. పేస్‌మేకర్ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. అంతకుముందు కావాల్సింది ఈసీజీ. అది మామూలుగా వచ్చినా పడిపోవడం ఆగకపోతే, రోజంతా ఒంటిపై ఉండే హోల్టర్ అడగండి.

పేస్‌మేకర్ ఉండి గల్ఫ్‌కు వెళ్లే కోరుట్ల వాళ్లు దాని గుర్తింపు కార్డును పాస్‌పోర్టుతోనే పెట్టుకోవాలి. విమానాశ్రయంలో తనిఖీకి ముందే చూపించాలి.