యోగాభ్యాసము: గురుసన్నిధి

ప్రతిసంవత్సరము జూను 21వ తేదీన దేశమంతటను యోగదినోత్సవము జరుగుచున్నది. ఐక్యరాజ్యసమితి 2014 డిశంబరులో తీర్మానింపగా నిది 2015 నుండి నడచుచున్నది. 2025లో విశాఖపట్టణ సముద్రతీరమున లక్షలకొలది జనులు బారులు తీరి యొక్కమాఱుగ నాసనములు వేసిరి. జనులకు శ్రద్ధ పుట్టించుటకు ఇట్టి సమావేశము లుపకరించు ననుటలో సందేహము లేదు. కాని యోగము నేర్చుట యిట్లు సాధ్యమగునా యనునది వేఱు ప్రశ్న. సాధ్యము కాదని మా యభిప్రాయము.

ఏలయన, ఇరువదియేండ్ల యువకుడును, మోకాళ్లు పట్టిన యఱువదియేండ్ల గృహస్థుడును ఒకే యాజ్ఞకు ఒకే వేగమున వంగజాలరు. వేదిక మీదివాని కంఠము అందఱకును వినవచ్చును. ఎవని నడుము పట్టినదో, ఎవడు ఊపిరి బిగబట్టినాడో వానికి కానరాదు. చేను ఒక్కటే యైనను మెరకమడికొక తీరున, పల్లపుమడికొక తీరున నీరు పెట్టవలెనని మన రైతు లెఱుగుదురు. శరీరముల సంగతియు నంతియే.

ఈ విషయమున మైసూరు పద్ధతి గమనింపదగినది. నాల్వడి కృష్ణరాజ ఒడయరువారి పోషణమున తిరుమలై కృష్ణమాచార్యులవారు 1933లో జగన్మోహన ప్రాసాదమున యోగశాల నెలకొల్పిరి. వారి శిష్యుడగు పట్టాభి జోయిసుగారు 1948లో మైసూరుననే వేఱొక సంస్థను స్థాపించిరి. అచట నేర్పిన విధమునకే నేడు దేశదేశములందు మైసూరు పద్ధతియని పేరు.

తెల్లవాఱుజామున అభ్యాసకులు తమతమ వేళలకు వత్తురు. అందఱును కలిసి మొదలిడరు, కలిసి ముగింపరు. సూర్యనమస్కారములతో నారంభించి, కంఠస్థమైన క్రమమును తన యూపిరి ననుసరించి ఎవనికి వాడు సాగించును. గురువు నడుమ తిరుగుచు ఒకని భుజము సవరించును, ఒకనికి మెల్లగ చెప్పును, ఒకని నూరక విడుచును. ఒక యాసనము కుదిరిననేగాని వేఱొకటి నొసగడు. పున్నమ, అమావాస్యలు విశ్రాంతిదినములు.

ఇది మనకు క్రొత్తగాదు. మన వీధిబడులలో నిన్నటి పాఠము అప్పగింపనిదే పంతులుగారు నేటి పాఠము చెప్పెడివారు కారు. చుఱుకైన బాలుడు ముందునకు సాగెడివాడు. మందుడు తన పాఠముననే నిలిచి, దానిని గట్టిపఱచుకొనెడివాడు.

అయినను మైసూరు క్రమము అందఱకును ఒక్కటే కదా యని యడుగవచ్చును. కృష్ణమాచార్యులవారే యీ ప్రశ్నకు సమాధానము చూపిరి. మైసూరు విడచి మదరాసు చేరిన పిదప వారు వయస్సును, బలమును, రోగమును విచారించి, శిష్యుని బట్టి క్రమమును మార్చి యొక్కొక్కరికే నేర్పిరి. విద్యకు మనుష్యుని గాక, మనుష్యునకు విద్యను అమర్చుట దీని యర్థము.

ఇక గురుభక్తి పేరిట కన్నులు మూసికొనుటయు తగదు. ఆసనము సవరించు నెపమున స్త్రీల నవమానించిరని ప్రసిద్ధ గురువుల మీదనే ఫిర్యాదులు వచ్చియున్నవి. బలవంతముగ వంచుటచే కీళ్లు దెబ్బతినినవారును గలరు. కావున ముందుగ శిష్యుని ఆరోగ్యము నడిగి, తాకుటకు సమ్మతి గైకొని, నొప్పియనగనే యాపువాడే గురువు. తక్కినవాడు కాడు.

పుస్తకమును, తెరమీది బొమ్మను చూచి నేర్చుకొనువారు నేడు పెక్కురు. బొమ్మను మనము చూతుము గాని, బొమ్మ మనలను చూడదు. అట్లని గురువొక్కడే చాలడు. ఆయన చూపిన దానిని దినదినము ఇంట తానై సాధింపనివానికి ఏ గురువును మేలు చేయజాలడు.

పురపాలకసంఘములును, పాఠశాలలును ఒక్కనాటి యుత్సవముతో తృప్తిపడక, సంవత్సరము పొడవునను కొలదిమంది శిష్యులకు నేర్పు యోగ్యుడగు ఉపాధ్యాయుని నియమించుట మేలు. లక్షమంది ఒక్కనాడు వంగుటకంటె, పదిమంది ప్రతిదినము సరిగా వంగుట గ్రామమున కెక్కుడు లాభము.