ఫోటో కళాఖండం అయ్యేది ఎక్కడ?

1882లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ ఉపన్యాసాలివ్వడానికి అమెరికా వెళ్ళినప్పుడు, న్యూయార్క్‌లో పేరు మోసిన ఫోటోగ్రాఫర్ నెపోలియన్ సారొనీ స్టూడియోలో వరసగా ఫోటోలు దిగాడు. వాటిలో 18వ నంబరు ఫోటోలో వైల్డ్ కూర్చుని కాస్త ముందుకు వంగి, చేతి మీద చెంప ఆనించి, పుస్తకం పట్టుకుని మన వైపే చూస్తుంటాడు. ఒంటి మీద వెల్వెట్ కోటు, మోకాళ్ళ దాకానే ఉండే ప్యాంటు, పట్టు మేజోళ్ళు. బరో-జైల్స్ అనే లిథోగ్రాఫ్ కంపెనీ అనుమతి తీసుకోకుండా ఆ ఫోటోని 85,000 కాపీలు అచ్చేసింది. సారొనీ కోర్టుకెక్కాడు. ఫోటో అంటే యంత్రం తీసిన నకలు, ఎదురుగా ఉన్నది ప్లేటు మీద పడింది, ఇక ఇందులో కర్త ఎవరని కంపెనీ వాదించింది. 1884లో అమెరికా సుప్రీంకోర్టు సారొనీ పక్షానే తీర్పిచ్చింది. వైల్డ్‌ని అలా కూర్చోబెట్టింది, దుస్తులూ తెరలూ ఎంచి అమర్చింది, వెలుగునీడలు సర్దింది, ఆ ముఖంలో ఆ భావం రప్పించింది సారొనీయేనని, కాబట్టి ఆ బొమ్మ అతని ఆలోచనలోంచే పుట్టిందని న్యాయమూర్తులు చెప్పారు.

ఈ తీర్పుతో ఫోటోకి కర్త ఉంటాడని తేలింది. ఆ కర్త చేసిందల్లా కళేనా అన్నది తేలలేదు. చట్టం ఆ జోలికి పోదు కూడా. మన 1957 కాపీరైట్ చట్టం రెండో సెక్షన్‌లో పెయింటింగ్, శిల్పం, డ్రాయింగులతో పాటు ఫోటోని కూడా కళాకృతుల్లో చేర్చి, కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా సరేనని అక్కడే స్పష్టం చేసింది. అంటే పాస్‌పోర్టు ఫోటో, పెళ్ళి ఆల్బమ్, భోపాల్ విషాదంలో రఘు రాయ్ తీసిన పసిబిడ్డ ఖననం చిత్రం, మూడూ చట్టం దృష్టిలో ఒకే వరసలో నిలబడతాయి. హక్కులు ఎవరివో తేల్చడానికి అది చాలు. గ్యాలరీ గోడ ముందు నిలబడి ‘ఇందులో అంత గొప్పేముంది, ఇలాంటిది నా ఫోన్‌లోనూ వస్తుందిగా’ అనుకునే ప్రేక్షకుడికి మాత్రం చాలదు. అతని సందేహం న్యాయమైనదే. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం వల్లే ఫోటోగ్రఫీకి మన దగ్గర రావలసినంత చర్చ రాలేదు.

నాకు తోచిన జవాబు ఇది. షట్టర్ నొక్కిన క్షణం కన్నా దానికి ముందూ వెనకా జరిగే ఎంపికలే ఫోటోని కళ చేస్తాయి. ఫ్రేములో ఏది ఉండాలి, ఏది బయటే ఆగిపోవాలి, వెలుగు ఎక్కడ నిలవాలి, తీసిన వాటిలో దేన్ని బయటపెట్టాలి, కాగితం మీదికి అది ఏ ఛాయలో రావాలి అన్న నిర్ణయాలన్నీ ఒకదానికొకటి తోడై ఒకే చూపుగా కుదరాలి. అలా కుదిరితే ఫోటోలో ఉన్నదేమిటో తెలిసిపోయాక కూడా కన్ను దాన్ని వదలదు. కుదరకపోతే ఎంత ఖరీదైన లెన్స్ వాడినా సమాచారం అందగానే చూపు పక్కకి తిరుగుతుంది. వెనక భాగం మసకబారితే, రంగులు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే కళ అయిపోతుందనుకోవడం చాలామందిలో ఉన్న భ్రమ. మన పోటీల్లో, ఫోటో ప్రదర్శనల్లో ఏళ్ళ తరబడి కనిపించే కొన్ని బొమ్మలున్నాయి. ముడతలు పడ్డ ముఖంతో చుట్ట కాలుస్తున్న తాత, నిండుగా నగలు పెట్టుకున్న లంబాడీ అవ్వ, పొద్దున్నే గాలిలోకి గుండ్రంగా విచ్చుకున్న వల. వీటిని మొదట తీసినవాళ్ళు నిజంగా ఏదో చూశారు. తర్వాత తీస్తున్నవాళ్ళలో చాలామంది ఆ చూపుని అరువు తెచ్చుకుంటున్నారు. ఫోకస్, ఎక్స్‌పోజర్, కూర్పు అన్నీ సరిగ్గానే ఉంటాయి. లోపించేది తీసినవాడి సొంత నిర్ణయం. పనితనం వేరు, కళ వేరు అనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు అక్కర్లేదు.

నిర్ణయం అంటే ఏమిటో తెలియాలంటే ఒక ఫోటోని దగ్గరగా చూడాలి. 1941 శరదృతువులో ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలోని న్యూమెక్సికోలో కారులో వెళ్తుండగా, హెర్నాండెజ్ అనే చిన్న పల్లె దగ్గర తూర్పున చంద్రుడు పైకి వచ్చి కనిపించాడు. అటు పశ్చిమాన సూర్యుడు దిగిపోతున్నాడు. ఆ చివరి ఎండ పల్లె శ్మశానంలో ఉన్న తెల్లటి శిలువల మీద మెరుస్తోంది. ఆడమ్స్ కారు ఆపి పది అంగుళాలకి ఎనిమిది అంగుళాల ఫిల్ము పట్టే పెద్ద కెమెరాని గబగబా స్టాండు మీద నిలబెట్టాడు. తీరా చూస్తే లైట్ మీటరు దొరకలేదు. చంద్రుడి కాంతి తీవ్రత చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని అతనికి కంఠతా వచ్చు. ఆ ఒక్క అంకె ఆధారంగా మనసులోనే లెక్కకట్టి ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండోది తీద్దామని సిద్ధమయ్యేలోపు శిలువల మీంచి ఎండ వెళ్ళిపోయింది. మిగిలింది ఒక్క నెగెటివ్. ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది అదృష్టం, చురుకుదనం కలిసొచ్చిన కథ. అసలు పని ఆ తర్వాత డార్క్‌రూమ్‌లో మొదలై దాదాపు నలభై ఏళ్ళు సాగింది.

ఆ నెగెటివ్‌తో ప్రింటు వేయడం చాలా కష్టం. నేల భాగం పల్చగా వచ్చింది. 1948లో ఆడమ్స్ నెగెటివ్‌లో ఆ కింది భాగాన్ని రసాయనంతో చిక్కబరిచాడు. ప్రింటు వేసిన ప్రతిసారీ కాగితం మీద ఎక్కడ వెలుగు ఎక్కువ పడాలో, ఎక్కడ అడ్డుపెట్టాలో చేతులతో, అట్టముక్కలతో అదుపుచేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో ఉంటుంది, పైన మేఘాల చారలు కనిపిస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు. చివరి ప్రింట్లలో చంద్రుడి పైనంతా దాదాపు కటిక చీకటి, కింద సన్నటి వెలుగుగీతలా పల్లె. నెగెటివ్ అదే, క్షణం అదే, బొమ్మలు వేరు. ఆడమ్స్ కుర్రతనంలో పియానో నేర్చుకున్నవాడు. నెగెటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. మనకైతే ఒకే త్యాగరాజ కీర్తనని ఒకే విద్వాంసుడు ముప్పైల్లో ఒకలా, డెబ్బైల్లో ఒకలా పాడటం తెలిసిన విషయమే. కెమెరా మీట నొక్కితే చాలు బొమ్మ వచ్చేస్తుందన్న వాదనకి ఈ ప్రింట్లే జవాబు. మీట నొక్కడం ఒక్కసారే జరిగింది, నిర్ణయాలు వందలసార్లు జరిగాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చాలా గొప్ప ఫోటోలు కాకతాళీయంగా వచ్చినవే కదా, వీధిలో పరుగెత్తే మనిషిని పట్టుకున్నవాడు ఏం నిర్ణయించాడు, అంటారు. అదృష్టం పాత్ర ఉందని ఒప్పుకోవలసిందే. కానీ అదృష్టం ఇచ్చేది ముడిసరుకు. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, పంట పోయి చిక్కుకుపోయిన కూలీల శిబిరంలో, అమెరికా ప్రభుత్వం కోసం పనిచేస్తున్న ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ ఒక తల్లిని, పిల్లల్ని వరసగా కొన్ని ఫోటోలు తీసింది. మొదట దూరం నుంచి గుడారం మొత్తం కనిపించేలా తీసి, ఒక్కో ఫోటోకి కాస్త కాస్త దగ్గరగా జరిగింది. చివరికి గుడారం ఫ్రేములో లేకుండా పోయింది. ఇద్దరు పిల్లలు తల్లి భుజాల మీద తలవాల్చి ముఖాలు అటు తిప్పేసుకున్నారు, ఒడిలో చంటిబిడ్డ, చెంప దగ్గర చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తున్న తల్లి. పిల్లల ముఖాలు కనిపించకపోవడం వల్ల మన చూపు ఒక్క ముఖం మీదికే పోతుంది. ఆ వరసలోని మిగతా ఫోటోలూ నిజమే చెబుతాయి, కానీ వాటి దగ్గర కన్ను ఇంతసేపు ఆగదు. కుడివైపు కింది మూలలో గుడారం గుంజని పట్టుకున్న బొటనవేలొకటి ఫ్రేములోకి వచ్చింది. కొన్నేళ్ళకి లాంగ్ నెగెటివ్‌లో దాన్ని చెరిపించింది. అయినా ఇప్పటికీ దాని జాడ మసకగా కనిపిస్తుంది. ప్రభుత్వ పత్రంగా తీసిన ఫోటోని ముట్టుకోవచ్చా అని ఆమె పైఅధికారి అభ్యంతరపడ్డాడు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటింది, ఆ ఫోటో వల్ల తనకి పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. ఫోటో కళాఖండం అయినంత మాత్రాన అందులోని మనిషికి తీసినవాళ్ళు పడ్డ బాకీ తీరిపోదు.

లాంగ్ ప్రభుత్వ ఉద్యోగంలో భాగంగా తీసింది, కళ చేద్దామని కాదు. అలాంటప్పుడు ఉద్దేశం లేని కళ ఉంటుందా అన్నది రెండో అభ్యంతరం. ఇక్కడ మన హైదరాబాద్ సంగతి పనికొస్తుంది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదువుకుని, ఫోటోగ్రఫీలోకి వచ్చి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా రాజా బిరుదు పొందాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. ఆయన తీసినవాటిలో చాలామటుకు ఆర్డర్ల మీద తీసినవే: వేట బృందాలు, దర్బారు అతిథులు, సైనిక విన్యాసాలు, ప్యాలెస్ గదులు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి. అవన్నీ కళాఖండాలా అంటే కాదనే నా అభిప్రాయం. చాలావాటిలో ఉన్నది గొప్ప పనితనం, చరిత్ర. కానీ కొన్ని కట్టడాల ఫోటోల్లో స్తంభాల వరస ఎక్కడ తెగాలో, నీడ ఎంత మేర నేల మీద పరుచుకోవాలో, మనిషిని ఎంత చిన్నగా నిలబెడితే కట్టడం ఎత్తు తెలుస్తుందో అంత కచ్చితంగా తేల్చిన కన్ను కనిపిస్తుంది. జీతం ఇచ్చింది నిజాం, చూసింది దీన్‌దయాళ్. చోళుల కాలంలో కంచు నటరాజుని పోతపోసిన స్థపతి కూడా గ్యాలరీ కోసం చేయలేదు. పారిస్ వీధుల్ని ముప్పై ఏళ్ళు తీసిన యుజీన్ అట్జె తన ఫోటోలని చిత్రకారులకి పనికొచ్చే పత్రాలుగానే అమ్ముకున్నాడు. 1927లో చనిపోయాక బెరెనిస్ ఆబట్ అనే ఫోటోగ్రాఫర్ ఆ ప్రింట్లూ ప్లేట్లూ కొని కాపాడితే, 1968లో న్యూయార్క్ మోమా మ్యూజియం వాటిని తీసుకుంది. ‘నేను కళాకారుణ్ణి’ అని చాటుకోవడం అవసరం లేదు. ఎంపిక జరిగిందా లేదా అన్నదే లెక్క.

అయితే మ్యూజియమే కళని తయారుచేస్తోందని, ధరే దాన్ని నిర్ణయిస్తోందని కొందరంటారు. 2011లో ఆండ్రియాస్ గుర్స్కీ తీసిన రైన్ నది ఫోటో 43 లక్షల డాలర్లకి, 2022లో మాన్ రే 1924 నాటి ఫోటో ఒక కోటీ 24 లక్షల డాలర్లకి వేలంలో అమ్ముడయ్యాయి. ఈ అంకెలు చూసి నవ్వుకునేవాళ్ళున్నారు, మోకరిల్లేవాళ్ళూ ఉన్నారు. ధర చెప్పేది ఆ ప్రింటు ఎంత అరుదో, కొనేవాడికి ఎంత ఆశ ఉందో అంతవరకే. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని వందల ప్రింట్లయినా తీయొచ్చు కాబట్టి, ‘ఇన్నే వేస్తాం’ అని సంఖ్య కట్టడం బజారు పెట్టుకున్న ఏర్పాటు. గ్యాలరీ చేసే మేలు ఒకటుంది, అది మనల్ని ఆగి చూడమంటుంది. ఆగి చూశాక అందులో ఏమీ లేకపోతే గోడ దాన్ని కాపాడలేదు. గుర్స్కీ ఫోటోలో అడ్డంగా పరుచుకున్న పచ్చిక, సన్నటి బాట, నీరు, పచ్చిక, ఆకాశం పట్టీలు తప్ప ఏమీ లేవు. అవతలి ఒడ్డున ఉన్న కట్టడాల్ని కంప్యూటర్‌లో తీసేశాడు. ఆ ఖాళీయే అతని నిర్ణయం, అది నిలబడింది.

తీసేయడం మోసం కాదా అంటే, ఆ ఫోటో ఏమని చెప్పుకుంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1858లోనే ఇంగ్లండ్‌లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లు కలిపి, క్షయతో పోతున్న అమ్మాయి చుట్టూ కుటుంబాన్ని చూపించే దృశ్యం కూర్చాడు. అది జరిగిన సంఘటన అని పత్రిక అచ్చేస్తే అబద్ధం, కల్పిత దృశ్యంగా చూపితే కళ. వార్తాఫోటో మాట ఇస్తుంది, ఆ మాట తప్పకూడదు. ఏఐ బొమ్మల విషయంలో గీత ఇంకోచోట ఉంది. 2023లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచి, అది ఏఐతో చేసిన బొమ్మ అని చెప్పి బహుమతి వద్దన్నాడు. అలాంటి బొమ్మలోనూ ఎంపికలు ఉండొచ్చు, కళ కూడా ఉండొచ్చు. కానీ ఏదో ఒక మనిషి నుంచో గోడ నుంచో వచ్చిన వెలుగు దాన్ని తాకలేదు కాబట్టి అది ఫోటో కాదు. రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లకీ ఎదురుగా నిజమైన మనుషులున్నారు. ఫోటోగ్రాఫర్ ఎంపికలకి పదును వచ్చేది అక్కడే. లోకం ఇచ్చిన దానిలోంచే అతను ఏరుకోవాలి, కావలసింది లేకపోతే ఎదురు చూడాలి.

ఏది కళ అన్న తీర్పు అట్జె విషయంలో వచ్చినట్టు ఎంతో ఆలస్యంగా రావచ్చు. తీర్పు వచ్చేనాటికి నెగెటివ్ ఉండాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీని చిత్రకళ, శిల్పకళలతో పాటు డిగ్రీగా చదువుకోవచ్చు, మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో 2015 నుంచి ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది. చూసే కళ్ళు తయారవుతున్నాయి. చూడవలసిన పాత సరుకు మాత్రం మన ఊళ్ళలో మూతపడ్డ స్టూడియోల అటకల మీద ఉంది. తేమకి, వేడికి అసిటేట్ ఫిల్ము ముడుచుకుపోయి వెనిగర్ వాసన కొడుతుంది. గాజు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చితే పగులుతాయి. వాటిని కాగితపు కవర్లలో పెట్టి నిలువుగా సర్దాలి, స్కాన్ చేయించాలి. స్టూడియో యజమాని ఆర్డర్లు రాసుకున్న పాత రిజిస్టరు కనిపిస్తే దాన్నీ చిత్తుకాగితాలవాడికి వేయకూడదు. ఏ తేదీన, ఏ ఊళ్ళో, ఎవరి కోసం, ఎన్ని కాపీలు అన్నవి అందులో ఉంటాయి. తీసినవాటిలో ఆ ఫోటోగ్రాఫర్ దేన్ని ఎంచి ప్రింటు వేశాడో దాన్నిబట్టే తెలుస్తుంది.